పెయింట్‌బాల్ టోర్నమెంట్‌లో రెఫరీ కావాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న: అన్నా, నేను డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటాను. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, హెచ్-1బి. రెండేళ్లుగా వీకెండ్లలో పెయింట్‌బాల్ (గాలి తుపాకులతో రంగు బాల్స్ కాల్చుకునే ఆట, బాల్ ఒంటి మీద పగిలితే అవుట్) ఆడుతున్నాను, మా ఐదుగురి టీమ్ కింది స్థాయి డివిజన్ 5లో లోకల్ టోర్నమెంట్లకి వెళ్తుంది. పోయినసారి మావాడొకడికి వెనక నడుముకి కట్టుకునే బాల్స్ ప్యాక్ మీద బాల్ పగిలింది, వాడికి తెలియలేదు, ఆడుతూనే ఉన్నాడు. రెఫరీ పెనాల్టీ ఇచ్చి వాడితో పాటు ఇంకొకడిని కూడా బయటికి పంపేశాడు, మ్యాచ్ పోయింది. ఆ రోజు నుంచి రెఫరీ పని సరిగ్గా నేర్చుకోవాలని, ట్రైనింగ్ తీసుకుని టోర్నమెంట్లు చేయాలని మనసులో పడింది. నాకు పెద్ద స్థాయిలో ఆడిన అనుభవం లేదు, అమెరికన్ కుర్రాళ్లు మీద పడి అరిస్తే ఇంగ్లీష్‌లో గట్టిగా తిప్పికొట్టడమూ రాదు. నా భార్య కూడా నాతో ఫీల్డుకి వస్తుంది, తనకి హెచ్-4 ఈఏడీ (పని అనుమతి కార్డు) ఉంది, ఆట బాగా అర్థమవుతుంది కానీ ఆడదు. రెండు మూడేళ్లలో హైదరాబాద్ వెళ్లిపోతే ఇది అక్కడ పనికొస్తుందా? ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పు.

జవాబు:

తమ్ముడూ, రెఫరీ అవ్వడానికి ప్రో టీమ్‌లో ఆడి ఉండాల్సిన పనే లేదు. నాకు తెలిసిన మంచి రెఫ్‌లలో చాలామంది కింది డివిజన్లలో ఆడి, అక్కడి నుంచి చారల జెర్సీలోకి వచ్చినవాళ్లే. ఆట వేగం కంటికి అలవాటు కావాలి, రూల్స్ నోటికి రావాలి, తల చల్లగా ఉండాలి. రెండేళ్లు ఆడావు కాబట్టి మొదటిది కొంత వచ్చేసి ఉంటుంది, మిగతా రెండూ నేర్చుకునేవే.

అయితే వీసా సంగతి ముందు తేల్చుకుందాం. హెచ్-1బి అని రాశావు కానీ దాని మీద ఈ పని చేయవచ్చా అన్న ఊసే లేదు, అందుకే నాకు టెన్షన్ వచ్చింది. హెచ్-1బి మీద ఉన్నవాడు పిటిషన్ వేసిన కంపెనీకి తప్ప ఇంకెవరికీ డబ్బు తీసుకుని పని చేయకూడదు. లోకల్ లీగులు రెఫ్‌కి రోజుకి ఇంత అని ఇస్తాయి, చాలాచోట్ల ఇండిపెండెంట్ కాంట్రాక్టర్‌గా రాసుకుని 1099 ఫారం (కాంట్రాక్టర్ ఆదాయానికి ఇచ్చే పన్ను కాగితం) ఇస్తారు. అది నీకు కుదరదు. నగదు చేతికిస్తే ఎవరికి తెలుస్తుంది అని ఫీల్డులో ఎవరో ఒకరు తప్పకుండా అంటారు, వినకు. "డబ్బు వద్దు, ఊరికే చేస్తాను" అన్నా చిక్కు పోదు. మామూలుగా కూలి ఇచ్చి చేయించుకునే పనిని లాభం కోసం నడిచే వ్యాపారంలో నువ్వు ఉచితంగా చేసినా దాన్ని ఉద్యోగంగానే చూసే ప్రమాదం ఉంది. పైగా ఫ్రీ పెయింట్‌బాల్ పెట్టెలు, ఎంట్రీ ఫీజు మాఫీ, హోటల్ గది లాంటివి కూడా ప్రతిఫలం కిందికే రావచ్చు. గ్రీన్‌కార్డు ఫైల్ నడుస్తున్నవాడివైతే ఒక వీకెండ్ సరదా కోసం దాన్ని పణంగా పెట్టకు. ఇమ్మిగ్రేషన్ లాయర్‌ని ఒక్కసారి అడిగి, ఆయన జవాబు ఈమెయిల్‌లో తీసుకో. మీ సొంత టీమ్ ప్రాక్టీస్‌లో వంతులవారీగా ఒకరు రెఫ్‌గా నిలబడటం మాత్రం ఆటలో భాగమే, దాన్ని ఎవరూ ఉద్యోగం అనరు. అదృష్టం ఏమిటంటే, ఈ పనిలో అసలైన నేర్పు ముప్పాతిక అక్కడే వస్తుంది.

ఇక నువ్వు యథాలాపంగా రాసిన మాట ఒకటుంది, నాకు అదే బాగా నచ్చింది. మీ ఆవిడకి హెచ్-4 ఈఏడీ ఉంది, ఆట అర్థమవుతుంది, ఆడాలని లేదు. 2015 నుంచి ఈ ఈఏడీ ఇస్తున్నారు, అది చెల్లుబాటులో ఉన్నంతకాలం ఆమె ఏ యజమాని దగ్గరైనా పని చేయవచ్చు, కాబట్టి రెఫరీగా డబ్బు తీసుకుని పని చేయడానికి మీ ఇంట్లో అడ్డు లేనిది ఆమెకే. ఆమెకి ఇష్టమో కాదో అడుగు. ఆడనివాళ్లు రెఫ్ ఎలా అవుతారు అనుకోకు. సైడ్‌లైన్ నుంచి రెండేళ్లు చూసినవాళ్లకి ఆటగాడి కన్నా ఎక్కువే కనిపిస్తుంది, ఎందుకంటే ఆటగాడు బంకర్ (దాక్కునే అడ్డు) వెనక తల దించుకుని ఉన్నప్పుడు వాళ్లు మైదానం మొత్తం చూస్తుంటారు. ఈ కింద రాసేదంతా ఇద్దరూ కలిసి చదువుకోండి.

ఇప్పుడు ఆ పెనాల్టీ గురించి. నీకు కోపం వచ్చి ఉంటుంది, న్యాయమే. కానీ ఆ క్షణం రెఫ్‌కి ఏం కనిపించిందో ఒకసారి ఊహించు: వీపున పెయింట్ మరకతో ఒకడు కాలుస్తున్నాడు, అవతలి టీమ్ పిట్ (మైదానం బయట టీమ్ ఉండే చోటు) నుంచి అరుపులు, ఆ మరక ఎప్పుడు పడిందో రెఫ్ చూడలేదు. తెలియక ఆడటానికి ఒక శిక్ష, స్పష్టంగా తెలిసీ ఆడితే ఇంకా పెద్దది, మరక తుడిచేస్తే అన్నిటికన్నా పెద్దది అని రూల్స్ తేడా చూపిస్తాయి. మైనర్, మేజర్, గ్రాస్ మేజర్ అని పేర్లు పెట్టుకుని ఒక్కో లీగ్ వాటికి ఒక్కో కొలత పెట్టుకుంటుంది. మీవాడికి ఏది వర్తించిందో నీ ఉత్తరంతో చెప్పలేను. కానీ ఒక సంగతి మాత్రం గట్టిగా చెబుతాను. ప్యాక్ మీద బాల్ పగిలిన మరుక్షణం ఒక రెఫ్ రెండు గజాల దూరంలో ఉండి ఉంటే, చూసి, వాడి భుజం తట్టి, అవుట్ అని బయటికి తీసేసేవాడు. పెనాల్టీ దాకా వచ్చేదే కాదు. రెఫరీ పని గురించి నేను చెప్పాలనుకునేది మొత్తం దీని చుట్టూనే తిరుగుతుంది: మోసం జరిగాక పట్టుకుని శిక్ష వేసేవాడికన్నా, మోసానికి గానీ పొరపాటుకి గానీ సమయం చిక్కనివ్వకుండా పక్కనే ఉండేవాడు ఎన్నో రెట్లు మంచి రెఫ్.

ఈ ఆట పుట్టినప్పుడు ఇదంతా అవసరం లేదు. 1981 జూన్ 27న న్యూ హాంప్‌షైర్‌లోని హెనికర్ దగ్గర అడవిలో 12 మంది ఆడారు, చెట్లకీ పశువులకీ గుర్తులు పెట్టే నెల్‌స్పాట్ 007 తుపాకులతో. గెలిచినాయన ఒక్క బాల్ కూడా కాల్చకుండా అన్ని జెండాలూ పట్టుకుని బయటపడ్డాడు. తగిలితే తగిలింది అని మనిషే చెప్పుకునే ఆట అది. తర్వాత టోర్నమెంట్లు, ప్రైజ్ మనీ, 1990ల చివర్లో ఎలక్ట్రానిక్ మార్కర్లు (పెయింట్‌బాల్ తుపాకులు) వచ్చాయి. 2000ల మొదట్లో మార్కర్ లోపలి సర్క్యూట్ బోర్డులో దొంగ మోడ్‌లు దాచి, ఒక్కసారి నొక్కితే రెండు మూడు బాల్స్ పోయేలా చేసినవాళ్లు ఉన్నారు. ఆ గొడవ భరించలేకే లీగులు ర్యాంపింగ్‌ని (వేలి వేగాన్ని మించి మార్కర్ తనంతట తానే ఎక్కువ బాల్స్ కాల్చడాన్ని) ఒప్పేసుకుని సెకనుకి ఇన్నే బాల్స్ అని పరిమితి పెట్టాయి. ఇప్పుడు ఐదుగురు, గాలి నింపిన బంకర్లు, సుమారు 150 అడుగుల పొడవు, 120 అడుగుల వెడల్పు మైదానం, ఒక్కో మార్కర్ నుంచి సెకనుకి పది దాకా బాల్స్. పది మందీ కాలిస్తే అక్కడ గాలిలో ఎంత పెయింట్ ఉంటుందో లెక్కేసుకో. ఆ గోలలో నిజాయితీపరుడికి కూడా తనకి తగిలిందో లేదో తెలియని క్షణాలు వస్తాయి. వాడికి సాయంగా ఉండేవాడే రెఫ్.

ట్రైనింగ్ అంటే ఏదో అకాడమీ, ఆరు నెలల కోర్సు అని ఊహించుకోకు. అమెరికాలో ఇది ఎక్కువగా పని చేస్తూ నేర్చుకునే విద్య. మామూలు దారి ఇలా ఉంటుంది: ఏదైనా కమర్షియల్ ఫీల్డులో పుట్టినరోజు పార్టీలకి, కొత్తవాళ్లకి రెఫ్‌గా చేస్తావు. అక్కడ సేఫ్టీ బ్రీఫింగ్ ఇవ్వడం, గాగుల్స్ తీసే పిల్లాడి మీద అరవడం, జామైన మార్కర్ చూడటం వస్తాయి. తర్వాత రీజనల్ లీగ్ వాళ్లు సీజన్ మొదట్లో పెట్టే రెఫ్ క్లినిక్‌కి వెళ్తావు, రూల్‌బుక్ మీద పరీక్ష ఉండవచ్చు, మైదానంలో సీనియర్ల పక్కన నడిపిస్తారు. మొదటి టోర్నమెంట్‌లో నిన్ను క్రోనో టేబుల్ (బాల్ వేగం కొలిచే చోటు) దగ్గరో, స్కోర్ దగ్గరో, కింది డివిజన్ మ్యాచ్‌ల సైడ్‌లైన్ మీదో పెడతారు. అక్కడ నిలకడగా చేస్తే హెడ్ రెఫ్ నిన్ను గుర్తుపెట్టుకుంటాడు. ఎన్‌ఎక్స్‌ఎల్ (నేషనల్ ఎక్స్‌బాల్ లీగ్) లాంటి జాతీయ సిరీస్‌కి, చాలా ఏళ్లుగా ఫ్లోరిడాలోని కిస్సిమీలో జరుగుతున్న వరల్డ్ కప్‌కి రెఫ్‌లు కావాల్సివస్తే ఇలాంటి హెడ్ రెఫ్‌ల మాట మీదే కొత్తవాళ్లని తీసుకుంటారు. సర్టిఫికెట్ కన్నా ఫలానా మనిషి ఫలానా రోజు ఎండలో చివరి మ్యాచ్ దాకా కదలకుండా చేశాడు అన్న మాటకే విలువ. సరైన రెఫ్‌ల కొరత ఎప్పుడూ ఉంటుంది, ఓపిక ఉన్నవాళ్లకి పని దొరక్కపోవడం నేను చూడలేదు.

క్రోనో టేబుల్‌ని తక్కువగా చూడకు. పెయింట్‌బాల్ .68 క్యాలిబర్, బరువు మూడు గ్రాముల చుట్టూ ఉంటుంది. సెకనుకి 300 అడుగుల వేగం గరిష్ఠ పరిమితి, అంటే గంటకి దాదాపు 330 కిలోమీటర్లు. చాలా ఫీల్డులు 280కే ఆపేస్తాయి. కంటి రక్షణ గాగుల్స్‌ని ఈ వేగాన్ని దృష్టిలో పెట్టుకునే తయారు చేస్తారు కాబట్టి ఆ అంకె దాటితే అది ఆట గొడవ కాదు, కంటి గొడవ. ఏ పెయింట్‌తో ఆడబోతున్నారో అదే పెయింట్‌తో క్రోనో చేయించు. బాల్ సైజూ బ్యారెల్ (మార్కర్ గొట్టం) లోపలి సైజూ ఎంత దగ్గరగా ఉన్నాయన్నదాన్ని బట్టి వేగం మారిపోతుంది. పొద్దున చల్లగా ఉన్నప్పుడు చూసి వదిలేయకుండా మధ్యాహ్నం మళ్లీ చూడు. మైదానంలో చేతిలో పట్టుకునే రాడార్ క్రోనోతో ఆట మధ్యలో కూడా చెక్ చేస్తారు, దాన్ని వాడటం త్వరగా నేర్చుకో. ట్యాంక్ మీద హైడ్రో టెస్ట్ (నీటి ఒత్తిడితో చేసే భద్రతా పరీక్ష) తేదీ చదవడం కూడా అక్కడే అలవాటవుతుంది. 4500 పీఎస్‌ఐ గాలి నింపిన సిలిండర్ అది, తేదీ దాటిందంటే నింపనివ్వకూడదు, ఎంత దగ్గరి స్నేహితుడైనా సరే.

రూల్‌బుక్ ఎలా చదవాలో చెబుతాను. మొదటి నుంచి చివరికి ఒకసారి కథలా చదివెయ్. రెండోసారి చదివేటప్పుడు ప్రతి రూల్ పక్కన మీ టీమ్‌లో నిజంగా జరిగిన ఒక సంఘటన రాసుకో. హిట్ అంటే ఏమిటి, ఎంత మరక ఉండాలి, మార్కర్‌కి తగిలితే అవుటా, లోడర్‌కి (మార్కర్ మీద బాల్స్ ఉండే డబ్బాకి) తగిలితే? (అవుటే, వంటి మీద ఉన్నదైనా చేతిలో ఉన్నదైనా.) బాల్ పగలకుండా ఎగిరిపోతే అది బౌన్స్, అవుట్ కాదు. బంకర్ మీద పగిలి చిందినది స్ప్రే, అదీ అవుట్ కాదు. మరక సైజు విషయంలో చాలాచోట్ల క్వార్టర్ నాణెం కొలత, అంటే అడ్డంగా రెండున్నర సెంటీమీటర్లకి కాస్త తక్కువ, చెబుతారు కానీ నువ్వు చేసే లీగ్ పుస్తకంలో ఏముందో అదే నీకు వేదం. రూల్స్ సీజన్‌కి సీజన్‌కి మారతాయి. నిరుడు చదివాను కదా అనుకునే రెఫ్ వల్ల మ్యాచ్‌లు పోతాయి, అందుకే ఏటా కొత్త పుస్తకం పక్కన పాతది పెట్టుకుని ఏం మారిందో గీతలు కొట్టుకో.

ఇక మైదానంలో నిలబడటం. దీని గురించి ఎక్కువ రాస్తాను, ఎందుకంటే అసలు విద్య ఇదే, పుస్తకంలో దొరకదు.

రెఫ్‌లందరూ అన్నీ చూడరు. ఒక్కొక్కరికి ఒక పక్క, ఒక జోన్ ఇస్తారు: స్నేక్ పక్క, డొరిటో (త్రికోణం బంకర్ల) పక్క, మధ్య, వెనక. నీ జోన్‌లో ఎవడున్నాడో వాడే నీవాడు. అవతలి వైపు అద్భుతమైన పరుగు జరుగుతున్నా, జనం అరుస్తున్నా నీ తల తిరగకూడదు. చెప్పినంత తేలిక కాదు ఇది, ఆట మీద ఇష్టం ఉన్నవాళ్లకి మరీ కష్టం, కళ్లు వాటంతట అవే పోతాయి. నువ్వు అటు చూసిన అర సెకనులోనే నీవాడి వీపు మీద బాల్ పగులుతుంది. మీవాడి విషయంలో జరిగింది బహుశా అదే.

స్నేక్‌లో కష్టం వేరు. అది నేల మీద పాములా సాగే తక్కువ ఎత్తు బంకర్ల వరస, ఆటగాడు పాకుతూ పోతాడు, వాడికి వీపు, ప్యాక్, కాళ్లే ఎక్కువ బయటపడతాయి, అవే వాడికి కనిపించనివి. నువ్వు వాడితో సమానంగా, కాస్త వెనకగా, బౌండరీ వైపు నుంచి కదలాలి. మరీ ముందుకి పోతే కాల్పుల దారికి అడ్డం వస్తావు, మరీ వెనకబడితే మరక కనిపించదు. డొరిటో పక్క ఆటగాళ్లు నిలబడి పరుగెత్తుతారు, అక్కడ నీ కాళ్లు వేగంగా ఉండాలి. వాడు బంకర్ మారే ముందు భుజాలు కదులుతాయి, నువ్వు ఆ కదలికని పట్టుకుని వాడితో పాటే బయల్దేరితే వాడు చేరేసరికి నువ్వూ చేరతావు.

దీంట్లో ఒక చిక్కు ఉంది. నువ్వు ఎవరి దగ్గరికి నడుస్తున్నావో అవతలి టీమ్ గమనిస్తుంటుంది. కొత్త బంకర్‌లోకి ఒకడు దొంగచాటుగా చేరాడనుకో, నువ్వు వెంటనే వెళ్లి వాడి వెనక నిలబడితే, "ఇక్కడ ఒకడున్నాడు" అని నువ్వే చేతులు చాపి చూపించినట్టు. అందుకే అనుభవం ఉన్న రెఫ్‌లు ఖాళీ బంకర్ల దగ్గర కూడా ఆగుతూ, ఎప్పుడూ ఏదో ఒక వైపు కదులుతూ ఉంటారు. కళ్లు వాడి మీదే ఉంటాయి, పాదాలు మాత్రం ఏమీ చెప్పవు. ఆటగాళ్లు వేసుకునే కోడ్ మాటలు నీకు అర్థమైనా ముఖంలో కనిపించకూడదు. ఎవడు అవుటయ్యాడో చేతి సైగతో, గొంతుతో స్పష్టంగా చెప్పాలి, ఎంతమంది మిగిలారో అడిగితే మాత్రం నోరు విప్పకూడదు.

పెయింట్ చెక్ దగ్గర నీ చేతి గుడ్డ నీ ఆయుధం. బాల్ తగిలినట్టుంది, పగిలిందో లేదో తెలియదు, ఆటగాడు నిన్ను పిలుస్తాడు లేదా నువ్వే దూరతావు. వీపు, ప్యాక్, లోడర్ కింద, మోకాలి వెనక, బూటు, ఒక వరసలో చూడు, ప్రతిసారీ అదే వరస. స్ప్రే అని తేలితే తుడిచెయ్, ఎందుకంటే అది అలాగే ఉంటే ఇంకో రెఫ్ దాన్ని హిట్ అనుకోవచ్చు. క్లీన్ అని సైగ చేసి తక్షణం తప్పుకో. హిట్ అయితే పట్టుకుని బయటికి లాగు, చెయ్యి తల మీద పెట్టి అవుట్ చూపించు. ఇక్కడ ఒక్క సూత్రం: నీ కంటితో చూసిన పెయింట్‌నే పిలువు. తగిలే ఉంటుంది, ఆ కోణంలో తప్పకుండా తగలాలి, అవతలివాళ్లు అంత నమ్మకంగా అరుస్తున్నారు కాబట్టి నిజమే అయ్యుంటుంది అనే వాటికి అవుట్ ఇవ్వకు. అనుమానం వచ్చినప్పుడు వెళ్లి చూడు, చూసి చెప్పు.

అన్నిటికన్నా కష్టమైన కాల్ (తీర్పు) బంకరింగ్‌లో వస్తుంది. ఒకడు పరుగెత్తుకుంటూ వచ్చి ఇంకొకడి మీద పడి కాలుస్తాడు, ఇద్దరికీ పెయింట్ ఉంటుంది. ఎవడికి ముందు తగిలింది? దూరం ఎక్కువైతే బాల్ గాలిలోనే దాదాపు అర సెకను ఉంటుంది కాబట్టి, అవుటైనవాడు అవుట్ కాకముందు కాల్చిన బాల్ కూడా లెక్కలోకే వస్తుంది. అలాంటప్పుడు ఇద్దరినీ ఒకేసారి చూడాలంటే నువ్వు ముందే పక్క కోణంలో ఉండాలి, పరుగు మొదలయ్యాక చేరలేవు. ముందు ఎవడికి తగిలిందో చూసి ఉంటే వెంటనే చెప్పు. చూడలేకపోతే ఇద్దరినీ తియ్, చాలా పుస్తకాలు దీన్నే ఒప్పుకుంటాయి. కథ అల్లి ఒకడిని కాపాడితే మాత్రం మిగతా రోజంతా నీ మాట ఎవడూ నమ్మడు.

ఇక అరుపుల సంగతి. ఇంగ్లీష్‌లో తిప్పికొట్టడం రాదని బాధపడుతున్నావు, నిజానికి తిప్పికొట్టకూడదు. మైదానంలో నీకు కావాల్సిన ఇంగ్లీష్ ఓ పది మాటలు: అవుట్, క్లీన్, స్టే, గో, వాక్, హ్యాండ్స్ అప్, బ్యారెల్ కవర్ ఆన్, గాగుల్స్ ఆన్, టాక్ టు యువర్ కెప్టెన్. వాటిని గట్టిగా, పొట్ట నుంచి, ఒకే స్వరంలో అనడం సాధన చెయ్. కారులో ఒంటరిగా ఉన్నప్పుడు అరిచి చూసుకో, సిగ్గుపడాల్సిన పని లేదు. ఆటగాడు ఆవేశంగా మీదికొస్తే ఒకసారి కారణం చెప్పు, "వీపున హిట్, నేను చూశాను", అంతే. రెండోసారి అడిగితే కెప్టెన్‌నీ హెడ్ రెఫ్‌నీ చూపించు. మూడోసారి అనుచితంగా మాట్లాడితే దానికీ పెనాల్టీ ఉంది, అరవకుండా ఇవ్వు. పంతొమ్మిదేళ్ల కుర్రాడు ఎంట్రీ ఫీజు, పెయింట్ ఖర్చు, రాత్రంతా డ్రైవింగ్ పెట్టుకుని వచ్చి మొదటి పాయింట్ (రౌండు)లోనే అవుటైతే వాడి బాధ నిజమే. వాడి కోపం నీ మీద కాదని గుర్తుంటే నీకు కోపం రాదు. నీ యాస గురించి ఎవడైనా ఏదైనా అంటే మాత్రం భరించకు, ఆ మాటలు యథాతథంగా హెడ్ రెఫ్‌కి చెప్పు, మంచి లీగులో అలాంటిదానికి గట్టి శిక్షే ఉంటుంది. మీ ఆవిడకీ ఇదే చెప్పు. ఆడవాళ్ల కాల్స్‌తో వాదన ఎక్కువ పెట్టుకునేవాళ్లు ఉన్నారు, మొదటి రెండు మ్యాచ్‌ల్లో ఆమె గొంతు తడబడకుండా వినిపిస్తే ఆ వాదన చాలావరకు ఆగిపోతుంది.

స్నేహితుల మ్యాచ్‌లు చేయవద్దు. మీ టీమ్ గానీ, మీతో ప్రాక్టీస్ చేసే టీమ్ గానీ, మీ గ్రూప్‌లోనే ఉన్న టీమ్ గానీ ఆడుతుంటే హెడ్ రెఫ్‌కి ముందే చెప్పి వేరే మైదానం అడుగు. నువ్వెంత న్యాయంగా చేసినా ఓడినవాడు నమ్మడు, వాడు నమ్మకపోతే నీ న్యాయం వల్ల ఉపయోగం లేదు.

ఒళ్లు గురించి క్లుప్తంగా. బాల్స్ నీకూ తగులుతాయి, రోజుకి చాలా. పొడుగు చేతుల జెర్సీ, గ్లౌజులు, మెడకి ఏదైనా గుడ్డ, టోపీ, పట్టున్న బూట్లు వేసుకో. గాగుల్స్‌కి థర్మల్ లెన్స్ తప్పకుండా కొనుక్కో, మామూలు లెన్స్ మధ్యాహ్నానికి ఆవిరి పట్టేస్తుంది, తుడుచుకోవడానికి మైదానంలో తీయలేవు, తీయకూడదు. ఆఖరి బ్యారెల్‌కి కవర్ పడేదాకా ఎవరి గాగుల్స్ ముఖం మీద నుంచి జరిగినా ఆట ఆపెయ్, ఫైనల్ చివరి పాయింట్ అయినా సరే. ఈ ఒక్క విషయంలో వెనకాడే రెఫ్‌ని నేను మైదానంలోకి రానివ్వను. టెక్సస్ ఎండలో జూన్ నుంచి సెప్టెంబర్ దాకా నీళ్లతో పాటు ఉప్పు కూడా లోపలికి పోవాలి, మజ్జిగ సీసా కూలర్‌లో పెట్టుకెళ్తే ఎలక్ట్రోలైట్ డ్రింకుల కన్నా నాకు అదే బాగా పనిచేసింది. నెలన్నర ముందు నుంచి మోకాళ్ల మీద కూర్చుని లేచే వ్యాయామం, చిన్న చిన్న పరుగులు మొదలుపెట్టు.

హైదరాబాద్ గురించి నిజం చెబుతాను. అక్కడ పెయింట్‌బాల్ అంటే ఎక్కువగా ఆఫీస్ టీమ్ ఔటింగులు, పుట్టినరోజులు, కాలేజీ స్నేహితుల సరదా. గాలి బంకర్ల టోర్నమెంట్లకి రెఫ్‌గా బతకవచ్చు అనే ఆశతో నేర్చుకోకు, ఆ మాటకొస్తే అమెరికాలో కూడా దీని మీదే బతికేవాళ్లు అరుదు, అందరికీ వేరే ఉద్యోగాలు ఉన్నాయి. కానీ క్రోనో చేయడం, గాగుల్స్ కచ్చితంగా పెట్టించడం, సిలిండర్ తేదీ చూడటం తెలిసిన మనిషి ఏ ఊరి ఫీల్డుకైనా కావాలి. వెళ్లాక దగ్గర్లోని ఫీల్డు వాళ్లకి సిబ్బంది శిక్షణలో సాయం చేస్తే అక్కడ ఆడే పిల్లల కళ్లకి మేలు. నా మటుకు నాకు అది చిన్న సంగతి కాదు.

రేపు చేయాల్సింది చెప్పి ఆపేస్తాను. పెద్ద టోర్నమెంట్‌కి కొన్ని వారాల ముందు మైదానం లేఅవుట్ విడుదల చేస్తారు, ఆ వీకెండ్లలో టీమ్‌లన్నీ అదే లేఅవుట్ మీద పాయింట్ల మీద పాయింట్లు ఆడి చూసుకుంటాయి, రెఫ్‌గా నిలబడేవాడు దొరక్క తిప్పలు పడతాయి. ఈసారి మీ టీమ్ ప్రాక్టీస్ పాయింట్లలో నువ్వు సగం ఆడు, మిగతా సగం స్నేక్ పక్క రెఫ్‌గా నిలబడు, మీ ఆవిడ సైడ్‌లైన్ మీద నుంచి ఫోన్‌లో వీడియో తీస్తూ ప్రతి అవుట్‌కీ తనకి తోచిన కాల్ గట్టిగా చెప్పాలి. రాత్రి ఇంటికొచ్చాక వీడియో చూసి ఇద్దరి కాల్స్ ఎక్కడ తేడా పడ్డాయో, ఆ క్షణంలో నువ్వు ఎక్కడ నిలబడి ఉన్నావో కాగితం మీద గీసుకోండి. నాలుగైదు వీకెండ్లు ఇలా చేశాక మీ రీజనల్ లీగ్ హెడ్ రెఫ్‌కి ఆమె పేరుతో మెసేజ్ పెట్టండి, తర్వాతి క్లినిక్ ఎప్పుడని. నీ విషయం లాయర్ ఏమన్నాడో తెలిశాక నాకు రాయి.